నారింజ తొక్క వాసన

స్యూర్ తన ఇంటి బీరు నలభై ఒక్క ఏళ్లుగా తానే కాస్తున్నానని చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. బార్లీ నానబెట్టి మొలకెత్తించేది అతనే. కొండ మీదికి పోయి బీరుకు వాసన పట్టించే జునిపర్ కొమ్మలు నరికి తెచ్చేది అతనే. పెరట్లో రాగి కాగు కింద మంట పెట్టేది, ఆ మొలకల మాల్టును ఉడికించి వడగట్టి తీపి రసం తొట్టిలోకి చేర్చేదాకా నడుం వంచి పని చేసేది కూడా అతనే. ఆ తర్వాత ఒక్క గంట మాత్రం పశువుల పాకలోకి వెళ్లి ఆవులకు గడ్డి వేసేవాడు. తిరిగి వచ్చేసరికి గిన్నెలో తోడు లేచి, నురగ కట్టి, అంచు దాటి పొంగడానికి సిద్ధంగా ఉండేది. ఆ గంట అతని భార్య మాగ్లీది. ఆ గంటలో ఆమె ఏం చేసేదో అతను ఎన్నడూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

పాలకు తోడు ఎలాగో వాళ్లుండే మంచుకొండల లోయలో బీరుకూ అలాంటిదే ఒక తోడు ఉండేది. క్వైక్ అంటారు వాళ్లు. పోయినసారి తొట్టి అడుగున మిగిలిన మడ్డిలో చెక్క ముక్కల దండను ముంచి తీసి, అటక మీద ఆరబెట్టి, మళ్లీ కాచే రోజున కాస్త తీపి రసంలో వేసి నిద్ర లేపుతారు. ఒక్కో ఇంటి తోడుది ఒక్కో గుణం. మాగ్లీ తోడు లేస్తే ఇల్లంతా అప్పుడే ఒలిచిన నారింజ తొక్క వాసన వేసేది. ఆమె అత్తగారి దగ్గర నుంచి, ఆవిడకు ఆవిడ అత్తగారి దగ్గర నుంచి వచ్చిన తోడు అది.

1973 ఆగస్టులో గడ్డి కోతల రోజున, చేతిలో గడ్డి పోగుచేసే పళ్లకర్ర పట్టుకునే మాగ్లీ నేలకొరిగింది. ఒక మాట లేదు, ఒక అప్పగింత లేదు. డిసెంబరు మొదటి శనివారం స్యూర్ క్రిస్మస్ బీరుకు కాగు పొయ్యి మీదికి ఎక్కించాడు. తాగాలన్న కోరికేమీ లేదతనికి. అటక మీద వేలాడుతున్నది పోయిన క్రిస్మస్‌కు ఆమె తన చేత్తో ముంచి ఆరబెట్టిన దండ. ఈ ఏడు కాచకపోతే ఆ తోడు ఎండి చచ్చిపోతుంది. ఆమె చేతిలో బతికినవాటిలో అదొక్కటే మిగిలింది. ఆవులను లెక్కలోకి తీసుకోకూడదు, అవి స్యూర్ మాట కూడా వినేవి.

మధ్యాహ్నానికి రసం తయారైంది. మొదటి రసం గిన్నెలోకి తీసి, కాస్త ఆరనిచ్చి, వేలు ముంచి చూశాడు. అప్పుడే పిండిన పాలంత వెచ్చగా ఉండాలని అందరికీ తెలిసిన సంగతే. అతని వేలికి అలాగే అనిపించింది. దండలో సగమే వాడి సగం దాచుకోవాలని కూడా అందరికీ తెలిసిందే. కానీ కొత్త చేయి కదా, తక్కువై లేవకపోతే ఎలాగన్న భయం కొద్దీ దండ మొత్తం గిన్నెలో వేసేశాడు. భయపడిన మనిషి జాగ్రత్త అనుకుని చేసే పనులన్నీ ఇలాగే ఏడుస్తాయి.

గంట గడిచింది. నురగ లేదు. రెండు మూడు బుడగలు కనిపించాయి. అవి కూడా తాను కలిపినప్పుడు వచ్చినవేమో. "చలికి బద్ధకిస్తోంది, తొట్టిలోకి పోతే అదే లేస్తుంది" అని తనకు తానే చెప్పుకుని, గిన్నెడూ తొట్టిలో పోసి, మూత పెట్టి, పైన గొర్రెతోలు కప్పాడు.

ఆదివారం పొద్దున మూత తీసేసరికి తొట్టి చెరువులా నిశ్చలంగా ఉంది. ఉడికిన గింజల వాసన తప్ప మరేమీ లేదు. స్యూర్ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "చంపేశాను" అన్నాడు పైకి. ఎవరూ లేని ఇంట్లో ఆ మాట అతనికే పెద్దగా వినిపించింది. ఆగస్టులో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఏడ్చి ముక్కు తుడుచుకున్నాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. మాగ్లీ ఈ తోడును అడిగినవాళ్లకల్లా పంచేది. ఆ అలవాటు మీద స్యూర్ ఎన్నిసార్లు సణిగాడో లెక్కలేదు. "ఇంటి తోడు ఇంట్లో ఉండాలే గానీ ఊరంతా పంచితే ఇక మన బీరుకు ప్రత్యేకమేముంది?" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇప్పుడు అలా తీసుకున్నవాళ్ల పేర్లే అతను వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. మూడు ఇళ్లు గుర్తొచ్చాయి. పాలక్యానులో కాస్త తీపి రసం పోసుకుని, కాలితో నెట్టే మంచుబండి మీద పెట్టి బయలుదేరాడు. తోడు అడగబోయేవాడు తన రసం తాను తీసుకెళ్లడం అక్కడి మర్యాద.

మొదటి ఇంట్లో కోడలు జాలిపడింది. "అయ్యో, మా మామగారు పోయాక ఆ దండ ఎక్కడ పడేశామో కూడా తెలీదండి. మేమిప్పుడు కొట్లో దొరికే రొట్టె ఈస్టే వేస్తున్నాం. ఏ గొడవా లేదు. ఉండండి, ఒక పొట్లం ఇస్తాను" అని లోపలికి పరిగెత్తింది. రెండో ఇంట్లోనూ అదే మాట, అదే పొట్లం. మూడో ఇంటి ముసలావిడ మాత్రం నిజం ఒప్పుకుంది. "ఎలకలు తినేశాయి నాయనా. మాగ్లీని మళ్లీ అడగడానికి మొహం చెల్లక పొట్లానికి దిగాను. నాకూ ఆ బీరు గొంతు దిగడం లేదులే." ఆవిడ కూడా ఒక పొట్లం అతని జేబులో కుక్కింది.

మూడు పొట్లాలు జేబులో వేసుకుని స్యూర్ రోడ్డు మీద నిలబడ్డాడు. బీరుకేమీ ఢోకా లేదు. ఒక్క పొట్లం చాలు, తొట్టెడు రసం పులిసి కూర్చుంటుంది. కానీ మాగ్లీ తొట్టిలో కొట్లో కొన్న పొట్లం చింపి పోయడానికి అతని చేయి రాదు.

ముసలావిడ గుమ్మంలోంచి మళ్లీ కేక వేసింది. "ఈ లోయలో ఇంకా దండ కడుతున్నది ఎల్లింగ్ భార్య గూరో ఒక్కతే! అక్కడికి పో!"

అక్కడికి పోవాలని చెప్పడం తేలికే. ఎల్లింగ్ ఇల్లు స్యూర్ ఇంటి వెనకాలే, రెండు కంచెల అవతల ఉంది. పద్నాలుగేళ్లుగా ఆ రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు. అప్పట్లో ఒకసారి ఎల్లింగ్ పొట్టేలు కంచె దూకి వచ్చి స్యూర్ గొర్రెల మందలో పడింది. వసంతం వచ్చేసరికి తెల్ల ఉన్నికి పేరుపడ్డ మందలో పిల్లలన్నీ బొగ్గులా నల్లగా పుట్టాయి. ఊరు కడుపుబ్బ నవ్వింది. స్యూర్ నవ్వలేదు. ఆ ఏడు డిసెంబరులో తన తోడు చెడిపోయి ఎల్లింగ్ చేతిలో క్యానుతో ఇతని గుమ్మంలోకి వచ్చాడు. స్యూర్ తలుపుకు అడ్డంగా నిలబడి, "మా ఇంట్లో తోడు లేదు" అన్నాడు. లోపల గిన్నెలో తోడు పొంగుతోంది. నారింజ తొక్క వాసన అతని భుజం మీదుగా బయటికి వచ్చి ఎల్లింగ్ ముక్కుకు తగులుతోంది. ఎల్లింగ్ ఆ వాసన పీల్చి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నిప్పు అడిగినా తోడు అడిగినా లేదనడం ఆ లోయలో ఎవరూ ఎరగని పని. తాను చేసిన పని ఎలాంటిదో స్యూర్‌కు ఆ సాయంత్రమే తెలుసు. తెలిసీ పద్నాలుగేళ్లు బింకంగానే తిరిగాడు. మొండితనంలో అతనికి గొర్రెలే సాటి.

అయినా మంచుబండి అటే తిరిగింది.

ఎల్లింగ్ వాకిట్లో కట్టెలు చీలుస్తున్నాడు. స్యూర్‌ను చూసి గొడ్డలి దించాడు. చేతిలో క్యానును చూశాడు.

"ఏమయ్యా, దారి తప్పావా?"

"లేదు. తోడు కావాలి. నాది చచ్చిపోయింది." స్యూర్ గొంతు అతనికే కొత్తగా ఉంది. "మాగ్లీది. నేనే చంపుకున్నాను."

ఎల్లింగ్ తీరిగ్గా ఇంకో మొద్దు నిలబెట్టాడు. గొడ్డలి ఎత్తాడు. "మా ఇంట్లో తోడు లేదు" అని మొద్దును రెండుగా చీల్చాడు.

స్యూర్ తల ఊపి క్యాను బండి మీద పెట్టబోయాడు. ఆ మాట తనకు రావలసిందేనని అతనికి తెలుసు.

"ఎక్కడికయ్యా పోతున్నావ్? ఆగు" అన్నాడు ఎల్లింగ్. "ఆ ఒక్క మాట నీ మొహం మీద అనాలని పద్నాలుగేళ్లుగా నోట్లో నానబెట్టుకుని కూర్చున్నాను. అనేశాను. అనుకున్నంత రుచిగా ఏం లేదు. లోపలికి రా, చలి."

వంటింట్లో గూరో కాఫీ కాస్తోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ లాగి, "కూర్చో. ఎట్లా చచ్చింది?" అంది, డాక్టరు అడిగినట్టు.

స్యూర్ చెప్పాడు.

"వేడి ఎట్లా చూశావు?"

"వేలు పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది."

"ఏదీ, ఆ వేలు ఇటియ్యి." గూరో అతని చేయి పట్టుకుని, వేలిని పొయ్యి మీది కాఫీ కెటిల్‌కు ఆనించింది. స్యూర్ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎల్లింగ్ మూడు దాకా లెక్కపెట్టాడు. అప్పుడు గానీ స్యూర్ "అబ్బా" అని చేయి లాక్కోలేదు.

"చూశావా? డెబ్బై ఏళ్లు కొడవలి పట్టిన వేలది, ఇంకా దానికి తెలుస్తుందా! నువ్వు దాన్ని ఉడకబెట్టి చంపావు. మాగ్లీ మోచేయి ముంచి చూసేది. లోపలి వైపు, ఇదిగో ఇక్కడ. పసిపిల్లకు నీళ్లు పోసేటప్పుడు చూసినట్టు."

"నాకు తెలీదు."

"నీకెందుకు తెలుస్తుంది? నువ్వు ఆవుల దగ్గర ఉంటివి."

మాగ్లీ ఎలా చూసేదో ఈమెకు ఎలా తెలుసని అడగాలని స్యూర్‌కు అప్పుడు తట్టలేదు. గూరో అతను తెచ్చిన రసాన్ని ఒక పొంగు రానిచ్చి, మంచులో గిన్నె దించి చల్లార్చింది. చేతి మడత పైకి నెట్టి మోచేయి ముంచింది. "ఇంకా లేదు" అంది. కాసేపాగి మళ్లీ ముంచింది. "ఊ, ఇప్పుడు." గోడకు వేలాడుతున్న గుడ్డసంచి విప్పి దండ బయటికి తీసి, సగం విరిచి గిన్నెలో వేసి, మిగతా సగం మళ్లీ సంచిలో పెట్టింది. గిన్నె మీద గుడ్డ కప్పి, పొయ్యికి మరీ దగ్గరా కాకుండా మరీ దూరమూ కాకుండా పెట్టింది.

ఇక కూర్చోవడమే. తోడు లేచేదాకా ఎవరూ చేయగలిగిందేమీ లేదు. పద్నాలుగేళ్లు మాట్లాడుకోని ఇద్దరు ముసలాళ్లు ఒకే బల్ల దగ్గర, మధ్యలో ఒక గిన్నె పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చున్నారు. కాఫీ తాగారు. రొట్టె మీద గోధుమరంగు మేకపాల చీజు వేసుకుని తిన్నారు.

"ఆ పొట్టేలు ఎప్పుడో చచ్చింది" అన్నాడు ఎల్లింగ్ చివరికి.

"దాని సంతతి ఇంకా ఉంది నా దగ్గర" అన్నాడు స్యూర్. "పోయినేడు కూడా రెండు నల్లవి పుట్టాయి."

"మంచి పొట్టేలది."

"గట్టి పొట్టేలే" అని స్యూర్ ఒప్పుకోవలసి వచ్చింది. గూరో అటు తిరిగి నవ్వు ఆపుకుంది.

గంట దాటింది. గుడ్డ కింద ఏదో సన్నగా చిటపటమంటోంది. తర్వాత గుడ్డ మధ్యలో కొంచెం ఉబ్బింది. వాసన వచ్చింది. మొదట పొయ్యి పొగ వాసనలో కలిసిపోయి సరిగ్గా తెలియలేదు. స్యూర్ ముందుకు వంగాడు. గుడ్డ తీశాడు. మీగడరంగు నురగ గిన్నె అంచుదాకా లేచి ఉంది. ఒలిచిన నారింజ తొక్క వాసన గుప్పున మొహానికి కొట్టింది.

అతను కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "ఇది మాదే" అన్నాడు.

ఎల్లింగ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మాగ్లీదే" అంది గూరో. "నువ్వు మా ఆయన్ని గుమ్మంలోంచి పంపేసిన రోజు పొద్దు వాలకముందే పాక వెనక దొడ్డిదారిన వచ్చింది. ఏప్రన్ కింద ఈ దండ దాచుకుని. 'మా ఆయనకు మొండితనమే గానీ దుర్మార్గం లేదు, మనసులో పెట్టుకోకండి' అంది. ఎట్లా లేపాలో కూడా ఈ పొయ్యి దగ్గరే నాకు చేసి చూపించింది. మాది వేరే తోడు కదా, దీని పద్ధతి మాకు తెలీదు."

"పద్నాలుగేళ్లా?"

"పద్నాలుగేళ్లూ. తోడు ఇచ్చినవాళ్లకు మొదటి గిన్నె బీరు ఇవ్వాలి కదా. నీ ఇంటికేమో రాలేం. అందుకని ఏటా నేనొక గిన్నె పట్టుకుని మీ పాకలోకి వచ్చేదాన్ని, తనొక గిన్నె తెచ్చేది. ఆవుల మధ్య పీటలేసుకుని మార్చుకుని తాగేవాళ్లం. తను ఇచ్చిన దాంట్లో ఈయనకూ కాస్త తెచ్చేదాన్ని. మాకూ మీ ఆవులకూ తప్ప ఇంకెవరికీ తెలీదు."

స్యూర్‌కు మొదట కోపమే వచ్చింది. దాచకూడదు, వచ్చింది. తన ఇంట్లో, తన పాకలో, తనకు తెలియకుండా పద్నాలుగేళ్లు! చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అంత్యక్రియల రోజు గుర్తొచ్చింది. చర్చి గోడ బయట ఎల్లింగ్ టోపీ తీసి నిలబడ్డాడు. గూరో కుమిలి కుమిలి ఏడ్చింది. ఈమెకెందుకు ఇంత దుఃఖమని అతను ఆ రోజు అనుకున్నాడు. ఆ తర్వాత గిన్నె వైపు చూశాడు. నురగ మీద ఒక బుడగ పెద్దదై పగిలింది. దాని పక్కనే ఇంకొకటి లేచింది.

మాగ్లీ తన మాట విని ఉంటే ఈ గిన్నెలో ఇప్పుడు ఏమీ ఉండేది కాదు. అతని మాట చెల్లిన చోటల్లా తోడు చచ్చింది. ఆమె అతని మాట జవదాటిన చోటే బతికింది. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆమె చేసిన వంటకు, నేసిన చొక్కాకు, పెంచిన దూడలకు ఎప్పుడో ఒకప్పుడు మంచి మాట అని ఉంటాడు. తన మాట విననందుకు మాత్రం ఎన్నడూ అనలేదు. ఇప్పుడు ఆమె ఎదురుగా ఉంటే కాళ్ల మీద పడేవాడు. ఆమె లేదు కాబట్టి ఎదురుగా ఉన్నవాళ్లకే చెప్పాడు.

"ఆ రోజు నేను అబద్ధం ఆడాను, ఎల్లింగ్. తోడు ఉంది."

"తెలుసు. నాకు ముక్కుంది" అన్నాడు ఎల్లింగ్.

"తప్పు చేశాను. మీరిద్దరూ దీన్ని బతికించారు. నేనేం చేస్తే ఈ రుణం..."

"ముందు దాన్ని చల్లారిపోకుండా ఇంటికి చేర్చు" అంది గూరో, కళ్లు ఒత్తుకుంటూ. తన ఉన్ని శాలువ తీసి గిన్నెకు చుట్టింది. "మోచేయి! గుర్తుందా?"

స్యూర్ రోడ్డు వైపు పోలేదు. గిన్నెను కోటు లోపల గుండెకు ఆనించుకుని, రెండు కంచెలూ దాటి, పాక వెనక నుంచి తన ఇంటికి చేరాడు. మంచుబండి ఎల్లింగ్ వాకిట్లోనే ఉండిపోయింది. తొట్టిలో రసాన్ని మళ్లీ కాగులోకి ఎత్తి ఒక పొంగు రానిచ్చాడు. మూడుసార్లు మోచేయి ముంచి చూశాడు. నాలుగోసారి అప్పుడే పిండిన పాలంత వెచ్చగా తగిలింది. తోడు పోశాడు. తెల్లారేసరికి నురగ తొట్టి మూతను ఎత్తి పక్కకు నెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం బీరును తొట్టిలోంచి పీపాలోకి మార్చే రోజు. ఆ రోజు పిలవకుండానే ఇరుగుపొరుగు వచ్చి రుచి చూడటం ఆనవాయితీ. అడుగున మిగిలిన మడ్డిలో స్యూర్ నాలుగు దండలు ముంచి తీశాడు. తనకొకటి, పొట్లాలు ఇచ్చిన మూడు ఇళ్లకు మూడు. ఎవరూ అడగలేదు, అయినా ఇస్తాడు. ముసలావిడ వచ్చింది, మొదటి ఇంటి కోడలు వచ్చింది, ఇంకా నలుగురైదుగురు వచ్చారు. అందరి వెనకాల గూరో, ఎల్లింగ్ వచ్చారు. గుమ్మం దగ్గర ఎల్లింగ్ ఒక్క క్షణం ఆగాడు. స్యూర్ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

మొదటి గిన్నె ఎల్లింగ్‌కే నింపి రెండు చేతులా ఇచ్చాడు. గదిలో అందరూ అటే చూస్తున్నారు. ఎల్లింగ్ వాసన చూసి, ఒక గుక్క తాగి, నోట్లో తిప్పి మింగాడు. మరో గుక్క తాగాడు.

"బాగుంది" అన్నాడు. గిన్నెలోకి తొంగి చూసి, "మాగ్లీది ఇంకా బాగుండేది" అన్నాడు.

గూరో మోచేత్తో అతని డొక్కలో పొడిచింది. ముసలావిడ "ఏమిటయ్యా ఆ మాట!" అని గదిమింది. ఎల్లింగ్ చెవులు ఎర్రబడ్డాయి. నోరు జారానని అతనికీ తెలిసింది. అందరూ స్యూర్ మొహం వైపు చూశారు.

స్యూర్ కళ్ల నిండా నీళ్లున్నాయి, కానీ నవ్వుతున్నాడు. ఆగస్టు నుంచి ఈ ఇంటికి వచ్చినవాళ్లంతా ఆమె మంచిదన్నారు, పనిమంతురాలన్నారు, దేవుడు తీసుకున్నాడన్నారు. ఆమె బీరు రుచి తన నాలుక మీద ఉన్నట్టే ఇంకొకడి నాలుక మీద కూడా ఉందని, అది కొంచెం తేడా వచ్చినా వాడు పట్టేస్తాడని అతనికి ఈ రోజే తెలిసింది. ఎల్లింగ్ చేతిలోని గిన్నె అందుకుని మళ్లీ అంచుదాకా నింపాడు. బల్ల దగ్గర మాగ్లీ కూర్చునే కుర్చీ లాగి అతన్ని అందులో కూర్చోబెట్టాడు. తానూ పక్కన కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు. "ఆమెది ఎలా ఉండేదో చెప్పు."